పదమూడో వారం

బిడ్డ పోయిన రోజు పుష్పలత సల్వాలోని ఆ అరబ్బుల ఇంట్లో తొమ్మిది గదులు తుడిచింది. స్నానాలగదిలో నీళ్లు పోసి, బట్ట మార్చుకుని, మళ్లీ తడిగుడ్డ పట్టుకుంది. అప్పటికి పదకొండో వారం. కడుపుతో ఉన్నానని ఎవరికీ చెప్పుకోలేదు. అదే ఇంట్లో డ్రైవరుగా ఉన్న భర్త మద్దిలేటికీ చెప్పలేదు. పనిలో పెట్టుకున్న రోజే పనివాళ్లంతా మామా అని పిలిచే యజమానురాలు ఒక మాటన్నది: బిడ్డ అంటే ఇద్దరికీ ఇంటికి టికెట్టే.

చెప్పింది ఒక్క ఫోనుకే. గర్భిణుల యాప్ ఒకటి తెలుగులో ఎంతో మర్యాదగా అడిగింది: నెల ఎప్పుడు తప్పింది, వికారంగా ఉందా, నిద్ర పడుతోందా? పెళ్లయిన ఆరేళ్లలో ఆమెను ఎవరూ అలా అడిగి ఎరగరు. అన్నిటికీ జవాబిచ్చింది. ఆ ఫోను మామా వాడి ఇచ్చేసిన పాతది. ఇక్కడి పనిమనుషులకు దొరికేవి అలాంటివే. లోపల యజమానురాలి ఖాతా అలాగే ఉంటుంది, మార్చుకోవాలని ఎవరికీ తోచదు.

బిడ్డ పోయిన పదో రోజున మామా అదే ఖాతా ఉన్న తన ట్యాబ్ ముందుకు తోసింది. తెర నిండా ఉయ్యాలల, పాలసీసాల, డైపర్ల ప్రకటనలు.

"పుష్పా, బేబీ?"

"మాఫీ, మామా. మాఫీ బేబీ."

మాఫీ అంటే లేదు. బిడ్డ లేదని నోటితో అనడం అదే మొదలు. మామా నమ్మలేదు. ఇవి మళ్లీ కనిపిస్తే ఖలాస్, ఇద్దరూ ఇంటికే అన్నది.

పక్కింట్లో పనిచేసే రాయచోటి ఆస్మా ఆమె ఫోను తిప్పి చూసింది. "యాప్ తీసేసినా పోదక్కా. నీ సంగతి అంగళ్లోళ్లకి ఎప్పుడో అమ్ముకున్యారు. ఆ యాప్‌లో నీ ఖాతానే మూయాల."

ఆ సాయంత్రం మద్దిలేటికి అంతా చెప్పక తప్పలేదు. అతను కారు తుడవడం ఆపలేదు.

"ఫోనుకు చెప్పుకున్యావు గానీ నాకు చెప్పేకి నోరు రాలేదా? పోయిందే మేలు లే. ఇక్కడుండే ఇఖామా పోతే ఏం తింటాం? మూసెయ్ దాన్ని."

నొప్పి ఉందా అని అడగలేదు.

మూయబోతే యాప్ కారణం అడిగింది. రెండే గడులు: బిడ్డ పుట్టింది, వేరే యాప్ వాడుతున్నాను. బిడ్డ పోయిందనడానికి గడి లేదు.

"పుట్టిందని నొక్కి పారెయ్యే! దానికేం తెలుస్తాది?" అన్నాడు మద్దిలేటి.

ఈ ఇంట్లో ఉద్యోగం నిలుపుకోవడానికి ఆమె చాలా అబద్ధాలాడింది. జ్వరం లేదన్నది, ఆకలి లేదన్నది, అలసట లేదన్నది.

"ఈ రెండూ నొక్కను" అన్నది.

మర్నాడు పొద్దున ఫోను మోగింది. పదమూడో వారానికి స్వాగతం, ఊయలపై సగం ధర. మామా ఇంకా నిద్ర లేవలేదు, ట్యాబ్ తెరవలేదు. ఖాతా ఇంకా మూయలేదు.