గీజరు ముందు తడిక

పొద్దున్నే పావ్‌చూ చేమంతి టీ తాగి, గుమ్మంలో పీట వేసుకుని వెదురు చీలుస్తుంది. మధ్యాహ్నానికి బద్దలు నున్నగా గీకి నానబెడుతుంది. సాయంత్రం అల్లుతుంది. తైనాన్ ఊళ్ళో పాత సందుల్లో ఇళ్ళు బాగుచేయించుకునే వాళ్ళంతా ఆవిడ దగ్గరికే వస్తారు. ఏసీ పెట్టెలకి వెదురు గూళ్ళు, కరెంటు మీటర్లకి చిన్న తలుపులు, బాల్కనీల్లో గీజర్లకి తడికలు. వికారంగా ఉన్న ఏ ఇనప సామానునైనా ఆవిడ తడిక వెనక పెడితే ఇల్లు కళగా కనిపిస్తుంది.

ఒక్కటే చిక్కు. పావ్‌చూకి కోపం వస్తే ఊళ్ళో ఆవిడ అల్లిన తడికలన్నీ చిగురిస్తాయి. అందరికీ తెలిసిందే. "ఇవాళ పావ్‌చూ ఎవరితోనో పోట్లాడింది" అని విసుక్కుంటూ జనం కత్తెర తెచ్చి ఆకులు కత్తిరించుకునేవాళ్ళు. కానీ కొత్తగా వచ్చిన కాఫీ కొట్లవాళ్ళకి అది నచ్చలేదు. "ఫోటోలు పాడైపోతున్నాయి, కాస్త శాంతంగా ఉండమ్మా" అన్నారు. ఇద్దరు ముగ్గురు తడికలు పీకి వెనక్కి పంపేశారు కూడా. అప్పట్నించి ఆవిడ కోపం మింగడం నేర్చుకుంది. మూడేళ్ళలో ఒక్క చిగురు రాలేదు. కడుపులో మాత్రం ఎప్పుడూ మంటే.

ఆ చలికాలం కువో అనే ఇళ్ళ యజమాని కబురు పెట్టాడు. ఆయనకి నాలుగిళ్ళున్నాయి. అందులో ఒకటి అమ్మకానికి పెట్టాడు. పైవాటాలో జామపళ్ళ బండి నడిపే జుయ్‌యున్ అద్దెకుంటోంది. భర్త పోయాడు, ఏడేళ్ళ కూతురు ఆన్‌చీ ఉంది. వెనక బాల్కనీలో తుప్పు పట్టిన గ్యాస్ గీజరు, దాని చుట్టూ పాములు చుట్టుకున్నట్టు గొట్టాలు.

"ఈ దరిద్రం కనపడకూడదు. కొనేవాళ్ళు వస్తే ఇక్కడ కూచుని టీ తాగాలనిపించాలి. అంతా మూసెయ్యి" అన్నాడు కువో.

"మూయకూడదండీ. అది గ్యాసు మంటతో నడిచేది, దానికి గాలి కావాలి. వేలు దూరేంత సందులు వదిలి అల్లుతాను. దూరం నించి చూస్తే గీజరు కనపడదు."

"సందుల్లోంచి ఫోటోలో కనపడుతుంది కదమ్మా."

"కనపడితే కనపడనివ్వండి. లోపల మనుషులున్నారు."

"అద్దెకున్నవాళ్ళ గురించి నీకెందుకు? చెప్పింది చెయ్యి."

పావ్‌చూ పళ్ళు బిగబట్టి కోపం మింగింది. తడిక మాత్రం సందులు వదిలే అల్లి, బిగించి వచ్చింది. జుయ్‌యున్ జామకాయ ముక్కలు సంచిలో పోసిచ్చి, "బాల్కనీ ఎంత బాగుందక్కా! ఆరేసిన బట్టలు కూడా సిగ్గుపడేలా ఉంది" అని నవ్వింది.

పది రోజుల తర్వాత చలిగాలి ఊరిని కమ్మేసింది. సాయంత్రం పావ్‌చూ గంజి కొట్లో చేప గంజి తాగుతుంటే అల్యూమినియం పని చేసే ఆచెంగ్ వచ్చి ఎదురుగా కూచున్నాడు.

"అక్కా, నీ తడిక అదిరిపోయింది. దాని వెనకాల నిలువునా ప్లాస్టిక్ షీటు వేయించాడు కువో. పైనించి కింద దాకా చీమ దూరే సందు లేదు. ఇప్పుడే బిగించొస్తున్నా."

పావ్‌చూ చేతిలో చెంచా ఆగిపోయింది. "గీజరు వెలిగిస్తే పొగ ఎటు పోతుందిరా?"

ఆచెంగ్ లేచి నిలబడ్డాడు.

"ఎటు పోతుందిరా? ఈ చలిలో కిటికీలు ఎవరు తీస్తారు?"

జుయ్‌యున్‌కి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మూడేళ్ళుగా మింగిందంతా గొంతులోకి ఎగదన్నుకొచ్చింది. ఈసారి మింగలేదు. బల్ల మీద గిన్నె ఎగిరి పడేలా అరిచింది. ఆ అరుపుకి పక్క కాఫీ కొట్టు ముందున్న మీటరు తలుపు భగ్గున పచ్చబడింది. ఆచెంగ్‌ని వెనక ఎక్కించుకుని స్కూటరు మీద ఆవిడ వెళ్తుంటే దారి పొడుగునా గోడలు పచ్చబడుతూనే ఉన్నాయి. జనం గొణుక్కుంటూ కత్తెరలు వెతుక్కున్నారు.

ఆవిడ చేరేసరికి జుయ్‌యున్ వాటా వెనక బాల్కనీలో వెదురు మనిషెత్తు దాటింది. పిలకలు షీటుని చీల్చి, చట్రాన్ని వంచి, లోపలి కిటికీ అద్దాన్ని బద్దలు కొట్టి గదిలోకి వెళ్ళాయి. చల్లగాలి హోరున దూరుతోంది. ఆన్‌చీ కిటికీ కింద వాంతి చేసుకుంటూ కూచుని ఉంది. స్నానాలగది తలుపు సందులోంచి కూడా ఒక కొమ్మ లోపలికి పాకింది. ఆచెంగ్ తలుపు విరగ్గొట్టాడు, పావ్‌చూ గ్యాస్ కట్టేసింది. ఇద్దరూ కలిసి స్పృహ తప్పిన జుయ్‌యున్‌ని దుప్పట్లో చుట్టి, ఆన్‌చీతో సహా మెట్లు దింపారు.

"గీజరు పొగ విషంలా ఎక్కింది. ఇంకో పావుగంటైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదు" అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ.

మర్నాడు కువో ఆసుపత్రికి వచ్చాడు. వరండాలో పావ్‌చూని చూడగానే మొదలెట్టాడు. "అద్దం పగిలింది, చట్రం పనికిరాకుండా పోయింది. ఎల్లుండి ఫోటోలు తీసేవాళ్ళొస్తున్నారు. నీ కోపం నా ఇంటి మీదా చూపించేది?"

"పిల్ల ఎలా ఉందని అడగవేంరా?"

"అరవై ఐదేళ్ళవాణ్ణి పట్టుకుని ఏరా అంటావా?"

"అంటాను. నీ కంటికి గీజరు అసహ్యంగా ఉంది. మనుషులు అసలు కనపడనే కనపడలేదు. కనపడేలా చేస్తాను ఉండు."

గదిలోంచి ఆన్‌చీ దగ్గు వినపడేసరికి కువో తల తిప్పుకుని వెళ్ళిపోయాడు.

గోడకి ఆనుకుని నిలబడ్డ ఆచెంగ్ అప్పుడు నోరు విప్పాడు. "అక్కా, మిగతా మూడిళ్ళకి కూడా షీట్లు నేనే బిగించా. రెండేళ్ళయింది."

పావ్‌చూ వాడి చెంప మీద ఒక్కటిచ్చింది. వాడు చెంప తడుముకుంటూ ఆ ఇళ్ళ చిరునామాలు చెప్పాడు.

నాలుగో రోజున జుయ్‌యున్ లేచి నిలబడింది. మొహం ఇంకా పాలిపోయే ఉంది. "నువ్వు ఇంటికెళ్ళి పడుకో" అని పావ్‌చూ అంటే వినలేదు. ఆచెంగ్‌తో ముగ్గురూ కలిసి కువో రెండో ఇంటికి వెళ్ళి బెల్లు కొట్టారు. చంటిబిడ్డని ఎత్తుకున్న ఒక అమ్మాయి తలుపు తీసింది. వెనక బాల్కనీ చూపించమన్నారు.

అక్కడ గీజరు ముందు తెల్లటి షీటు అందంగా, గాలి చొరబడకుండా బిగించి ఉంది. అది పావ్‌చూ అల్లింది కాదు. దానంతటది చిగురించదు.

"బిడ్డని తీసుకుని కాస్త అవతలికి వెళ్ళమ్మా" అంది పావ్‌చూ.

ఆచెంగ్ సంచిలోంచి సుత్తి తీశాడు. జుయ్‌యున్ చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వు. మొదటి దెబ్బ నాది."