ఊరికే వచ్చిన జుట్టు

కండక్టరమ్మ మళ్లీ డ్యూటీలో చేరి అప్పటికి రెండు వారాలు. మందుల దెబ్బకు ఊడిన జుట్టు ఇంకా మొలవలేదు. ఆస్పత్రి నర్సు అట్టపెట్టెలో పెట్టిచ్చిన విగ్గుతోనే బస్సెక్కుతోంది. "ఊరికేనమ్మా, సంతకం పెట్టి తీసుకోండి" అందా నర్సు. తీరా చూస్తే చెవుల దగ్గర ఒకటే దురద. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా కళ్లమీదికి జారడం. ఒకరోజు ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో టికెట్లు పట్టుకుని ఉండగా ముక్కుదాకా దిగింది. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ సాయంత్రం వంటింటి కత్తెర తీసి విగ్గు ముందుభాగం జానెడు కత్తిరించేసింది. కసి తీరక, బట్టల సబ్బు వేసి వేడినీళ్లలో ఉతికి ఆరేసింది. తెల్లారేసరికి అది కొబ్బరిపీచు ఉండలా తయారైంది.

"పనికిమాలిందాన్ని అంటగట్టి చేతులు దులుపుకుంటే సరా? వెళ్లి అడిగేస్తా" అంది చెప్పులేసుకుంటూ.

"పుణ్యానికి పుట్టెడు పెడితే పిచ్చకుంచమని పోట్లాడినట్టుంది నీ వరస!" అంది ఆడపడుచు.

"కుంచం పిచ్చదైతే పిచ్చదనే అంటాను వదినా!"

పెట్టెమీదున్న చిరునామా పట్టుకుని వెళితే, దర్జీ కొట్టు పైన ఒక గది. కిటికీ పక్కన యాభై దాటిన ఒకావిడ, ముక్కుమీద దళసరి కళ్లద్దాలు. విగ్గులు అల్లే పెద్దక్క ఈవిడేనని కింద దర్జీ చెప్పాడు. ఆవిడ ముందు చెక్క తల, దానిమీద వలలాంటి టోపీ.

కండక్టరమ్మ సంచిలోంచి విగ్గు తీసి బల్లమీద పడేసింది. "చూడండి, ఏమిచ్చారో!"

పెద్దక్క దాన్ని తిరగేసి, లోపల వేళ్లతో తడిమింది. "సబ్బుతో ఉతికారా?"

"ఉతికితే ఏం? జుట్టేగా!"

"తలమీది జుట్టుకు ఒంట్లోంచి నూనె అందుతుంది. పాపం దీనికెవరు పెడతారు?" అని, విగ్గు లోపలి అంచు సాగదీసి చూసింది. "మీ తల కొలత తీసుకున్నారా?"

"ఎవరు తీసుకుంటారు? పెట్టె ఇచ్చారు, సంతకం పెట్టించుకున్నారు."

పెద్దక్క ముఖం చిన్నబోయింది. "కొలతలెలా తియ్యాలో కాగితంమీద రాసి ప్రతి పెట్టెలో పెడుతున్నా. ఎవరూ చూడటం లేదన్నమాట. మీ కోపం న్యాయమేనమ్మా."

కొట్లాటకు వచ్చిన మనిషికి న్యాయమేనంటే ఇంకేముంటుంది? కండక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "బాగుచెయ్యండి. ఎంతసేపైనా కూర్చుంటా."

"మూడు వారాలు కూర్చుంటారా?" పెద్దక్క నవ్వింది. సన్నని కొక్కెం తీసుకుని వలలోంచి దూర్చి, ఒక్క వెంట్రుకను లాగి ముడేసింది. మళ్లీ ఇంకొకటి. కండక్టరమ్మ చూస్తూ ఉండిపోయింది. పావుగంట గడిచాక చూస్తే గోరంత మేర కూడా నిండలేదు.

"ఇలా ఎన్ని ముళ్లు?"

"లెక్కపెడితే చెయ్యలేం. ఎడమకన్ను ఇప్పటికే మసక. డాక్టరు మానెయ్యమన్నాడు. నాటకాలవాళ్ల విగ్గులు మానేశా. నాలుగు డబ్బులొచ్చేది వాటిమీదే అనుకోండి. మిగిలిన చూపు ఈ ఆస్పత్రి విగ్గులకు దాచుకున్నా."

"ఇంత కష్టముందని ముందే చెబితే జాగ్రత్తగా చూసుకునేవాళ్లంగా?"

"చెబితే మీరు పెట్టుకోలేరమ్మా. జబ్బుపడి లేచిన తలమీద ఈ బరువొకటా?"

కండక్టరమ్మ బల్లమీది విగ్గును చేతిలోకి తీసుకుంది. "ఇదెవరి జుట్టు?" అంది.

"ముగ్గురిది. ఒకమ్మాయి చిరునామా రాసిచ్చింది, ఎవరికి చేరిందో తెలిస్తే చెప్పమని. ఇంతవరకూ ఎవరూ రాయలేదు."

ఆ చిరునామా కండక్టరమ్మ ఇంటికి తెచ్చుకుంది. మూడు కాగితాలు చింపి నాలుగోదాని మీద రాసింది. డ్యూటీలో మళ్లీ చేరిన మొదటిరోజు కిటికీ గాలికి జుట్టు చెంపమీద పడిందనీ, జుట్టును చేత్తో వెనక్కి తోసుకోవడం ఏడాదిలో అదే మొదటిసారనీ రాసింది. కత్తెర సంగతీ దాచలేదు.

విగ్గు బాగయ్యేదాకా తలకు గుడ్డ కట్టుకునే డ్యూటీ చేసింది. సెలవురోజున మాత్రం పెద్దక్క గదికి వెళ్లి, దానంగా వచ్చిన జడలను కడిగి, కుదుళ్లన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు వచ్చేలా సర్దేది. టికెట్లు చింపిన వేళ్లు కదా, చకచకా ఆడేవి.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది.

"కత్తెర సంగతి చదివి నవ్వాగలేదు. నన్ను గొప్పదాన్ననుకోకండి. స్నేహితురాలికి నోరుజారి మాటిచ్చి, వెనక్కి తగ్గలేక కత్తిరించుకున్నా. కత్తిరిస్తుంటే ఏడ్చాను కూడా. అమ్మ నెల్లాళ్లు మాట్లాడలేదు. రోజూ తను దువ్విన జడ కదా! మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించా. గాలికి చెంపమీద పడిందన్నచోట, 'మళ్లీ చదువు' అంది."

కండక్టరమ్మ దాన్ని పెద్దక్కకు రెండుసార్లు చదివింది. పెద్దక్క కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"కింద దర్జీ దగ్గర పాత టేపేమైనా ఉంటుందా?" అంది కండక్టరమ్మ, లేస్తూ.

ఆ మర్నాడు సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్లింది. నర్సుతో అరగంట వాదించి, ఆ వార్డులోనే ఒక కుర్చీ సంపాదించింది. మొదట వచ్చి కూర్చున్నది ఇరవై ఏళ్ల పిల్ల. తలెత్తి చూడటం లేదు. కండక్టరమ్మ నుదుటి నుంచి మెడ దాకా మెల్లగా టేపు చుట్టింది.

"బిగువైతే ఇప్పుడే చెప్పు తల్లీ. ఊరికే ఇస్తున్నారు కదా అని ఊరుకోకు."

"కొంచెం బిగువే ఆంటీ" అంది ఆ పిల్ల.

కండక్టరమ్మ టేపు వదులు చేసి మళ్లీ కొలిచింది.