సబ్బు తగిలిన సొరబుర్ర

సాల్తో ఊళ్లో మధ్యాహ్నం రెండు దాటితే నది కూడా కునుకు తీస్తుంది. దెల్మీరా ఇంట్లో తెర కదలదు. ఎండ నేలమీద మెల్లగా జరుగుతూ కుర్చీ కాళ్ల దాకా వచ్చి ఆగుతుంది. ఆ వేళకే జుల్మా నీళ్లు కాచేది. ఎనభై ఏడేళ్ల దెల్మీరా వణికే చేతులతో సొరబుర్రలో టీలా తాగే మాతే ఆకు నింపి, వేణ్ణీళ్లు పోసి, మొదటిది తను తాగి, రెండోది జుల్మాకి అందించేది. ఇద్దరికీ ఒకే బుర్ర, పీల్చడానికి ఒకే గొట్టం. మంచినీళ్లంటే మొహం తిప్పుకునే ఆ ముసలమ్మ ఒంట్లోకి నీళ్లు వెళ్లే దారి అదొక్కటే.

జుల్మా ఆమెను చూసుకోవడానికి సంస్థ పంపిన మనిషి. వచ్చి రెండేళ్లయింది. మొన్న ఆ సంస్థ కొత్త కాగితం పంపింది. ఇంట్లో ప్రతి పాత్రా రోజూ సబ్బుతో కడగాలట. రాసిన మహానుభావుడు జన్మలో మాతే తాగి ఉండడు. సొరబుర్రకి సబ్బు తగిలితే ఏళ్లతరబడి పట్టిన రుచంతా పోతుందని ఇక్కడ పాకే పిల్లలకు కూడా తెలుసు. జుల్మాకీ తెలుసు. అయినా సోమవారం తనిఖీ ఉందని భయపడి, శనివారం పొద్దున్నే తోమేసింది.

ఆ మధ్యాహ్నం దెల్మీరా ఒక్క గుక్క పీల్చి గొట్టం వదిలేసింది.

"ఏమే, నా బుర్రనేం చేశావ్?"

"సబ్బుతో కడగమన్నారమ్మా."

"నదిలో దూకమంటే దూకుతావా?"

అంతే, ఇక ఆ గొట్టం ముట్టలేదు. చెంచాతో నీళ్లు పట్టినా పెదాలు బిగించేది. సబ్బు వాసన లాగేస్తుందని జుల్మా ఆ సాయంత్రమే తడిపిన ఆకు బుర్రలో కూరింది. పూటపూటా మార్చింది. ఆదివారానికి దెల్మీరా నాలుక ఎండి, కలలో ఎవరెవరినో పిలవసాగింది. ఈ వయసులో ఆసుపత్రికి వెళ్తే తిరిగొస్తుందా? జుల్మాకి ఏడుపొచ్చింది.

సోమవారం తనిఖీకి సంస్థ నుంచి మేబెల్ వచ్చింది. "పాత్రలు శుభ్రం" అని కాగితంలోని గడిలో టిక్కు పెట్టింది.

"శుభ్రమే," అంది జుల్మా. "ఆవిడ మాత్రం నీళ్లు ముట్టడం లేదు. కడక్కూడదని తెలిసీ కడిగాను. తప్పు నాదే. నా పని పోయినా సరే, ఇకమీద ఆ బుర్రకి సబ్బు పెట్టను. మధ్యాహ్నాలు ఆవిడ పక్కన కూర్చుంటాను."

"కూర్చోవడానికి ఇందులో గడి లేదు జుల్మా."

"అయితే గీయండి."

కుర్చీలోంచి సన్నని గొంతు వినిపించింది. "నీళ్లు కాగాయా?"

జుల్మా పరుగెత్తింది. దెల్మీరా ఆకు నింపింది, నీళ్లు పోసింది, పీల్చింది. మొహం ముడుచుకుపోయింది.

"ఊసేయండమ్మా! మొదటిది నేను తాగుతా."

"పోసేవాళ్లే తాగాలే మొదటిది. అది చేదు కదా." దెల్మీరా గుటక వేసింది. "రెండేళ్లుగా నీకెప్పుడైనా ఇచ్చానా?"

ఇవ్వలేదు. ఒక్కనాడూ ఇవ్వలేదు. ఇన్నాళ్లూ తనే ఆమెను చూసుకుంటున్నానని అనుకుంది జుల్మా. 

రెండోది చేతికొచ్చింది. తాగింది.

"ఎలా ఉందే?"

"బాగుందమ్మా."

"అబద్ధాలకోరు! సబ్బు కంపు ఇంకా పోలేదు. ఇంకోటి పోస్తా, కూర్చో."

జుల్మా కూర్చుంది. గుమ్మం దగ్గర మేబెల్ కాగితం మీద గడి గీస్తోంది.