బక్కమ్మ ఇంట నిలవని మేక

పొద్దున లేవగానే బక్కమ్మ చేసే పని మూడు నెలలుగా ఒక్కటే. గంజి వార్చి, చల్లార్చి, మెత్తటి గుడ్డ కొసను అందులో ముంచి మనుమరాలి నోట్లో పిండడం. పిల్ల రెండు చుక్కలు చప్పరించి మూడో చుక్కకు మొహం తిప్పుకునేది. యూనియన్ మిలిటరీ వచ్చిన వారంలో పుట్టిన పిల్ల అది. తండ్రి భిక్షపతిని ఆ ఎండాకాలంలోనే రజాకార్లు కాల్చేశారు. తల్లి కాన్పులో పోయింది. ఊరి క్రైస్తవులకు ప్రార్థన చెప్పే ఉపదేశి సైదులు కృపమ్మ అని పేరు పెట్టాడు గానీ, ఆ పేరంత బరువు కూడా లేదు పిల్ల.

పాలుంటే బతుకుతుంది. ఆ సంగతి ఎర్రబండగూడెంలో అందరికీ తెలుసు. పాలిచ్చే మనిషీ ఉన్నాడు. చిక్కంతా బక్కమ్మతోనే.

ఆ ఊళ్లో ఎవరన్నా ఏదన్నా ఇస్తే, తీసుకునేవాళ్లు సంతోషంగా తీసుకోవాలి. లేకపోతే ఆ వస్తువు లేచి, ఇచ్చినవాళ్లింటికి వెళ్లిపోతుంది. మూతి ముడిచిన అల్లుళ్ల దగ్గర్నుంచి గుమ్మడికాయలు దొర్లుకుంటూ అత్తగారిళ్లకు చేరడం భువనగిరి తోవలో అందరూ చూసిందే. బండ్లవాళ్లు పక్కకు తొలగి దారిచ్చేవాళ్లు. దొర గడీ నుంచి వచ్చినవి మాత్రం ఎన్నడూ వెనక్కి పోలేదు. అవి ఇచ్చినవైతే గదా పోవడానికి! పాత చీర ఒకటి విసిరి పదేండ్లు వెట్టి చేయించుకునేవాడు దొర. ఆ చీరలు కట్టీ కట్టీ బక్కమ్మ నడుం వంగడం నేర్చింది, నాలుక ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అనడం నేర్చింది. సంఘం వచ్చి వెట్టిని తరిమింది. దొర పట్నం పారిపోయాడు. మాట మాత్రం బక్కమ్మ నోట్లోనే ఉండిపోయింది.

గొర్లకాపరి గుర్వయ్య భిక్షపతితో కలిసి సంఘంలో తిరిగినవాడు. పాలమేకను తోలుకొచ్చి ఆమె వాకిట్లో గూటానికి కట్టాడు. “నీ బాంచెన్ గుర్వయ్యా” అని బక్కమ్మ వంగింది. పూట గడవకముందే మేక గూటంతో సహా గుర్వయ్య మందలో ఉంది. మేకకంటే కాళ్లున్నాయి, పోయిందనుకుందాం. మరునాడు చెంబుతో పాలు పంపితే, చెంబు కూడా దొర్లుకుంటూ తిరిగొచ్చింది, ఒక్క చుక్క ఒలకకుండా.

“నాకు బాంచెన్ అంటవేందవ్వా?” గుర్వయ్యకు ఏడుపొక్కటే తక్కువ. “నీ కొడుకు, నేను ఒక్క తలెల గటక తిన్నోళ్లం.”

“అనొద్దనే అనుకుంట బిడ్డా. నోరు నా మాట ఇంటలేదు.”

“నోటిదొక్కటే కాదవ్వా. వీడెందుకిచ్చిండు, రేపేం అడుగుతడు అని నీకు లోపల బుగులు. మొకంల కనబడుతాంది.”

బక్కమ్మ ఒడిలో పిల్లను చూసుకుంది. డొక్కలు లెక్కపెట్టొచ్చు.

“నాలుగొద్దులైతే క్రిస్మస్. ఆనాడు మళ్ల తోలుకరా. గీసారి పోనియ్య” అంది పళ్లు బిగించి.

ఆ నాలుగు రోజులూ ఒకటే పట్టుదల. బాయికి పోతూ, పుల్లలు విరుస్తూ సాధన చేసింది. వేపాకు రాలి భుజం మీద పడితే చేతిలోకి తీసుకుని “తీసుకుంటున్న, సంతోషం” అనేది. ఆకు చటుక్కున ఎగిరి కొమ్మకు అతుక్కునేది. “పోతే పో, ఇంకో ఆకు రాలదా” అని బక్కమ్మ మళ్లీ చెయ్యి చాపేది.

పండుగ పొద్దున ప్రార్థన గుడిసె నిండా రంగుకాగితాలు. సైదులు గొంతు సవరించుకున్నాడు. “దేవుడు తన కొడుకును మనకు ఊరికెనే ఇచ్చిండు. వెట్టికి కాదు. గొర్లకాపర్లు పోయి పసిపిల్లగాణ్ణి చూసి ఏం జేసిండ్రు? సంబరపడ్డరు. గంతే!”

ఏటేటా వింటున్న మాటే. ఏటేటా “నీ బాంచెన్ యేసయ్యా” అని దండం పెట్టుకున్నదే. ఈసారి ‘వెట్టికి కాదు’ అన్న మాట బక్కమ్మ గుండెలో కలుక్కుమంది.

బయట గుర్వయ్య నుదుట పసుపు బండారి పెట్టుకుని, మేకను పట్టుకుని నిలబడ్డాడు. బక్కమ్మ పిల్లనెత్తుకుని వచ్చింది. జనమంతా వెనకే వచ్చారు. మేకను చూడగానే ఆమె నడుం తనంతట తానే వంగింది. పాత మాట గొంతుదాకా వచ్చింది. పెదవి కొరికిపట్టుకుంది.

అట్లా వంగేసరికి చేతుల్లోని పిల్ల మేక పొదుగు దగ్గరికి వచ్చింది. కృపమ్మ ఎవరి సెలవూ అడగలేదు. నోరు తెరిచి చన్ను అందుకుంది. గుటుక్కుమని తాగింది. పాలు గదవ మీదికి కారాయి. ఒక్క క్షణం వదిలి, కిలకిలా నవ్వి, మళ్లీ పట్టింది.

“ఓయమ్మో, దీనికి బుగులే లేదు!” అంది బక్కమ్మ. నవ్వొచ్చింది. కొడుకు పోయాక నవ్వడం అదే మొదలు. కళ్లనీళ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు. పిల్ల కడుపు నిండాక దాన్ని భుజాన వేసుకుని నిటారుగా లేచి నిలబడింది.

“ఇయ్యి గుర్వయ్యా, నా మేక పలుపు నాకియ్యి” అంది.

ఇంటికి పోయాక ఆమె మేకను కట్టలేదు. పోయేదైతే గూటం ఆపుతుందా? తెల్లారి లేచి చూస్తే మేక గుడిసె చూరు పీకి తింటూ ఉంది.

“దీన్ని పాడుగాను! నా ఇల్లంత మేసెటట్టున్నది” అని బక్కమ్మ ఊరంతా వినేలా తిట్టింది.

కృపమ్మ ఆ మేక పాలతోనే నడక నేర్చింది. మాటలూ నేర్చింది, అవ్వ పాత మాట ఒక్కటి తప్ప. అది నేర్పేవాళ్లు ఆ ఇంట్లో లేకపోయారు.