అక్క బ్యాటు

ఇలా దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలాడుతున్న వదినా మరదళ్లు కాసేపు నోటికి తాళం వేసుకోండి. మధ్యలో ఎవరైనా దగ్గారో, కథ మళ్లీ మొదటికొస్తుంది.

కుట్టుమిషను మీద బతికే ఒక తల్లి ఉండేది. మెడలో టేపు ఉండగానే నిద్రపోయే మనిషి. పిల్లల బట్టలు ఏవి కుట్టినా "ఎదిగే పిల్ల కదా" అంటూ అంచు లోపల నాలుగు వేళ్ల గుడ్డ మడిచిపెట్టేది. ఆమె పెద్దకూతురు ఏడేళ్లకే జ్వరమొచ్చి పోయింది. ఆ పిల్ల టెన్నిస్ బ్యాటు మాత్రం మిషను పైన మేకుకి మూడేళ్లుగా వేలాడుతోంది. దుమ్ము దులపడానికి కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వదు.

ఇప్పుడు చిన్నదానికి ఏడు నిండాయి. ఆటకి పోతానంది. తల్లికి ప్రాణం లేచొచ్చింది. అదే వయసు, అదే బ్యాటు. చిన్నది దాన్ని పట్టుకుని పరిగెత్తితే పెద్దది తిరిగొచ్చినట్టే ఉంటుందని ఆశ. మేకు మీంచి దించి, వదులైన తీగలు బిగించమని ఆటసామాన్ల కొట్టుకి పట్టుకెళ్లింది.

కొట్టాయన మొదట చిన్నదాన్ని నిలబెట్టి, చెయ్యి కిందికి వదలమని బ్యాటు చేతికిచ్చాడు. కొస నేలకి తగలకుండా ఉంటే సరిపోయినట్టు లెక్క. అదేమో టక్కున నేలకి కొట్టుకుంది, పిల్ల భుజం పైకి లేచింది. పిడి చుట్టూ వేళ్లూ అందలేదు.

"ఇది పదేళ్లవాళ్లదమ్మా," అన్నాడు.

"ఇరవైమూడంగుళాలని దానిమీదే రాసుంది చూడండి. మూడేళ్లుగా మేకుకే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు."

రాసున్న మాట నిజమే. తల్లి మెడలో టేపు తీసి కొలిచింది. ఇరవై అయిదు. తిరగేసి కొలిచింది. ఇరవై అయిదే. కొట్టాయన తన టేపు తెచ్చాడు, అదీ అదే చెప్పింది. పిడిమీద పెద్దదాని బొటనవేలు ఒత్తి ఒత్తి అరిగిన చిన్న గుంట ఉండేది. అప్పట్లో తల్లి చిటికెనవేలు కూడా పట్టేది కాదు. ఇప్పుడు ఆమె బొటనవేలు సగం దిగింది. పెద్దది ఉండుంటే ఈపాటికి పదేళ్లు.

ఎవరూ మీటకుండానే తీగలు సన్నగా మోగాయి, తలుపు వెనక దాక్కున్న పిల్ల నవ్వు ఆపుకుంటున్నట్టు.

"కాస్త పెద్దదైతే ఏం? ఎదిగే పిల్ల కదా," అంది తల్లి.

"మడిచి కుట్టడానికి గౌను కాదమ్మా. మణికట్టు పోతుంది."

చిన్నది బ్యాటుని మెల్లగా బల్లమీద పెట్టేసింది. "అక్క ఇంకా ఆడుకుంటోందమ్మా. దాందగ్గర్నుంచి లాక్కోవద్దు. నాకు నాది కొనిపెట్టు."

తల్లి చాలాసేపు టేపుని వేళ్లకి చుట్టింది, విప్పింది. ఇన్నాళ్లూ చిన్నదానికి అక్క బట్టలే సరిచేసి తొడిగింది. ఇప్పుడు దాన్ని నిలబెట్టి మొదటిసారి దాని కొలత తీసుకుంది. కొత్త బ్యాటు కొస నేలకి వేలెడు పైన ఆగింది. పాతదాన్ని గుండెకి ఆనించుకుని, దీనికో సంచి కుడతానండీ, అంచులో నాలుగు వేళ్లు ఎక్కువే వదులుతాను అని కొట్టాయనతో చెప్పింది.

ఈల కొనడానికొచ్చి ఇదంతా వింటున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఆ మేకు ఇప్పుడు ఖాళీగా ఉందా? మా గరిటె గిన్నె అడుక్కి అందట్లేదు, రెండ్రోజులు తగిలిద్దామని."