వరుడి ఇష్టం

"డిలీట్ కొట్టడానికి ఇంతసేపా?" అంటూ వంశీకృష్ణ తాగేసిన టీ కప్పు తెచ్చి భార్య లాప్‌టాప్ పక్కన పెట్టాడు.

మైత్రి పనిచేసేది పెళ్లిసంబంధాల వెబ్‌సైట్‌లో. ఏడేళ్లుగా ఎవరూ తెరవని తొంభై లక్షల ప్రొఫైళ్లు తీసెయ్యాలి. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి ఒక శాతం కూడా కదల్లేదు. కొడుకుతో టి. నగర్‌కి చీరలు కొనడానికి బయల్దేరుతూ అత్తగారు వసంతలక్ష్మి గుమ్మంలో ఆగింది. "సోమవారం ఆ రాజీనామా లెటర్ ఇచ్చెయ్యమ్మా. ఇంటిపట్టున ఒక మనిషుండాలి" అంది, గ్యాస్ కట్టెయ్యమన్నంత మామూలుగా.

వాళ్లు వెళ్లాక ఎనిమిదో అంతస్తు గాలికి కర్టెన్ ఊపిరి తీసుకుంటున్నట్టు ఉబ్బి తగ్గుతోంది. మైత్రి దాన్నే చూస్తూ కూర్చుంది. అలా చూస్తుండగానే తట్టింది. ఒక్కో ప్రొఫైల్ తీసేముందు, దానికి సంబంధించిన మెసేజ్ ఏదైనా మిగిలిందేమోనని డేటాబేస్ మెసేజ్‌ల టేబుల్ మొత్తం వెతుకుతోంది. ప్రతిసారీ మొదటినుంచి చివరిదాకా. ఒక్క మాట అనేముందు అది ఎవరికి తగులుతుందోనని ఇంట్లో తను వెతుక్కున్నట్టే.

టీమ్‌లోని పరిమళకి ఫోన్ చేసింది. "మెసేజ్‌ల టేబుల్లో ప్రొఫైల్ నంబర్ మీద ఇండెక్స్ లేదు."

"ఆడ లేదా అక్కా? విక్రమ్ సార్ ఉద్యోగం మానేసి పోతా పోతా, అంతా పెట్టేసినా అన్నాడే. ఆ టీమ్ లీడ్ సీటుకి ఇంకా ఎవుర్నీ పెట్టలా."

పుస్తకం చివరి సూచికలా ఏ నంబర్ ఎక్కడుందో నేరుగా చూపే ఆ ఇండెక్స్‌ని మైత్రి పెట్టింది. ఐదేసి వేల చొప్పున తీసేలా రాసింది. దాన్ని నడిపే ముందు, ఎందుకో, తీసెయ్యాల్సినవాటిలో తన పేరు వెతికింది. ఫొటోలో ఇరవైనాలుగేళ్ల తను నవ్వుతోంది. వివరాలన్నీ నాన్న నింపినవి. చివర్లో ఒక గడి: పెళ్లి తర్వాత ఉద్యోగం – వరుడి ఇష్టం.

తననెవరూ అడగలేదు. అదే జవాబున్న అమ్మాయిలెందరని డేటాబేస్‌ని అడిగింది. ముప్పై ఒక్క లక్షలు. అంతమందీ రాయపురం రేవు పొడవునా కూర్చుని, నీళ్లలో కాళ్లాడిస్తూ, ఎవరో పిలుస్తారని చూస్తున్నట్టు అనిపించింది. మీట నొక్కింది. ఐదువేలు, మరో ఐదువేలు, నురుగులా కరిగిపోయాయి. తన ప్రొఫైల్ ఏ అలలో పోయిందో ఆమె చూడలేదు. తెర మీద వేరే కిటికీ తెరిచి లెటర్ రాస్తోంది.

సాయంత్రం చీరల సంచులతో తల్లీకొడుకులు వచ్చారు.

"లెటర్ రాశావా?" అన్నాడు వంశీకృష్ణ.

"రాశాను. పంపేశాను కూడా."

"మంచి పని చేశావమ్మా" అంది అత్తగారు.

"విక్రమ్ సీటు నాకివ్వమని" అంది మైత్రి.