తడి పలక

పొద్దున్నే మొదటి బస్సు పేపరు కట్టలు పడేసి పోయే వేళకు కోటిరత్నం పలక కడుగుతోంది. మార్కాపురం బస్టాండు ఎదుట, వాళ్ల పేపర్ల దుకాణం గోడకు ఆనించిన పలక అది. గనిలోంచి తెచ్చిన నల్లరాయి, తలుపు రెక్కంత ఉంటుంది. పేపరు కొనలేనివాళ్ల కోసం భర్త రంగనాయకులు రోజూ దాని మీద బలపంతో వార్తలు రాసి, అడుగున తన కవిత ముక్కొకటి తగిలించేవాడు. ఆ పలక మూలన ఒక చేప ఉంది. దర్శికి కాపురానికి పోయిన కూతురు చిన్నప్పుడు మేకుతో గీసింది. తడిగుడ్డ పెడితే చేప మాయమయ్యేది. రాయి ఆరగానే తెల్లగా మళ్లీ తేలేది. బలపం రాత కడిగితే పోతుంది గానీ, రాతిని గీసిన గీత ఎక్కడికి పోతుంది?

మార్కాపురం కర్నూలు జిల్లాలోంచి ప్రకాశం జిల్లాలోకి వచ్చిన కొత్త రోజులవి. నల్లమలలో నక్సలైట్లు, వాళ్ల కోసం పోలీసులు, నడుమ బతికేవాళ్లకు కంటి మీద కునుకు లేదు. రంగనాయకులు చూడబోతే పిట్టంత మనిషి. నూలుదారంతో కట్టిన కళ్లజోడు, జేబు కింద సిరా మరక. వార్త రాసి, కవరులో పెట్టి ఒంగోలు బస్సు డ్రైవరు చేతికివ్వడం ఆయన విలేకరి ఉద్యోగం. ఆయన కవిత్వం కోటిరత్నానికి ఏనాడూ తలకెక్కలేదు. కోమటింట పుట్టి తక్కెడ పట్టాల్సిన చెయ్యి గీతలు గీసి పాడైందని పుట్టింట్లో ఎన్నిసార్లు చెప్పుకుందో. అడవిలోవాళ్లనూ మెచ్చుకోడు, ఖాకీలనూ మెచ్చుకోడు, రెండు వైపుల నుంచీ బెదిరింపులే.

ఆ పొద్దు కట్ట విప్పి పేపరు చూసి ఆయన అక్కడే కూలబడ్డాడు. ముందురోజు కొండ కింద గొర్రెలు మేపుకుంటున్న కాటమరాజును పోలీసులు కాల్చి చంపారు. చూసినవాళ్లను అడిగి, ఉన్నదున్నట్టు రాసి పంపాడు. అచ్చులో మాత్రం ఎదురుకాల్పుల్లో నక్సలైటు మృతి అని పడింది. పైన, మార్కాపురం విలేకరి అని ఉంది.

కాసేపటికి కాటమరాజు తల్లి శేషమ్మ వచ్చింది. రోజూ వాళ్లింటికి పాలు పోసేది ఆమే. పేపర్లో పడింది ఎవరో చదివి వినిపించారట. పాలచెంబు గడప మీద పెట్టింది.

"నువ్వేనా అన్నా, అట్ల రాసినావు?"

"నేను రాసింది అది కాదమ్మా."

"గొర్రెలు ఇంటికొచ్చినాయి, నా కొడుకు రాలే. రేపు వాని బిడ్డను దొంగ బిడ్డంటారు. ఆ మాట ఒక్కటి మార్చు, ఇంకేం అడగను."

రంగనాయకులు లోపలికి పోయి మేకు తెచ్చాడు. కోటిరత్నం అడ్డమొచ్చింది.

"ఏందండీ ఇది? బలపంతో రాయొచ్చు గదా."

"బలపమైతే ఒక గుడ్డకు పోతుంది రత్నం."

"మిమ్మల్ని పట్టుకపోతారు."

"పోనీలే. కూతురి చేప ఇన్నేళ్లు ఒంటరిగా ఉంది, తోడు దొరుకుతుంది."

ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. తర్వాత తనే వచ్చి, పలక కదలకుండా రెండు చేతులా అదిమిపట్టింది. రాతిపొడి రాలి ఆయన కనుబొమలు ముసలివాడి కనుబొమల్లా తెల్లబడ్డాయి. 'కాటమరాజు గొర్రెల కాపరి. భుజాన ఉన్నది దోటికర్ర, తుపాకీ కాదు. నమ్మకుంటే గొర్రెల్ని అడగండి.'

గిద్దలూరు బస్సు దిగినవాళ్లు దిగినట్టే నిలబడిపోయారు. ఒక పెద్దాయన తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. ఎవరో చదివి వినిపిస్తుంటే శేషమ్మ ఆ గీతల మీద వేలు పెట్టి, కొడుకు ముఖం తడిమినట్టు తడిమింది. పిట్టంత మనిషిలో ఇంత ఉందా అని కోటిరత్నం కొత్తగా చూసింది. ఇన్నేళ్లు ఆ కవితలన్నీ తన చేత్తోనే కడిగేసింది కదా.

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. రంగనాయకులు చెంబెడు నీళ్లు తాగి, చెయ్యి తుడుచుకుని, "రేపు కట్ట నువ్వే విప్పాల రత్నం" అని జీపెక్కాడు. సముద్రం వైపు నుంచి కొత్తగా వచ్చిన, పలకరాళ్ల సంగతి తెలియని కానిస్టేబులు ఆ తెల్లటి రాత చూసి బలపమనుకున్నాడు. బకెట్లో గుడ్డ ముంచి బాగా తుడిచాడు. పలక నల్లగా, నున్నగా మెరిసింది. తృప్తిపడి వాడూ ఎక్కాడు. ఆ తర్వాత ఏనాడూ రంగనాయకులు ఏ బస్సులోంచీ దిగలేదు.

ఆ మధ్యాహ్నం జీపు పోయినా జనం కదల్లేదు. పలక ఆరాలని కోటిరత్నం కొంగుతో విసరబోయి ఆగింది. ఎండ తన పని తాను చేసుకుంటోంది. తడి అంచుల నుంచి లోపలికి జరిగింది. ముందు మూలనున్న చేప తేలింది, దాని పక్కనే ఒక్కో అక్షరం తెల్లగా పైకి వస్తోంది.